ఇష్రాఖ్ నమాజు: పొద్దున్నే చెల్లించవలసిన సదఖా

అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాను. సకల స్తోత్రాలు ఆయనకే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక!

 

సేవాసంఘం వెలువరించే వార్షిక సంచికలో దానధర్మాల గురించి వ్యాసాలు ఉండటం సహజం. జకాత్ గురించి, ఫిత్రా గురించి, అనాథల హక్కుల గురించి మనం ఏటా చదువుతూనే ఉన్నాం. ఈసారి ఒక నమాజు గురించి చెప్పుకుందాం. సూర్యోదయం తర్వాత కొద్దిసేపటికి చేసే ఇష్రాఖ్ నమాజు అది. దానాల సంచికలో ఈ నమాజు ప్రస్తావన ఎందుకంటారా? దైవప్రవక్త (స) స్వయంగా ఈ నమాజును సదఖాతో ముడిపెట్టి చెప్పారు. ఆ ముడి ఏమిటో సరిగా తెలియకపోతే రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. 'రెండు రకాతులు చదివాను కదా, ఇంక దానమెందుకు' అనేవారు ఒకవైపు, 'చందా ఇచ్చాను కదా, ఇంక నఫిల్ నమాజులెందుకు' అనేవారు మరోవైపు తయారవుతారు. రెండూ సరైనవి కావు.

మరో కారణం కూడా ఉంది. మన బ్రహ్మంగారిమఠం ప్రాంతంలో, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో తెలుగే ఇంటిభాషగా ఉన్న ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. దూదేకుల సిద్ధయ్య పేరు వినని వారు ఈ సీమలో లేరు. ఆ దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు తరతరాలుగా తెలుగులోనే మాట్లాడుకుంటూ వస్తున్నాయి. నమాజు పుస్తకాలు ఎక్కువగా ఉర్దూలో ఉండటం వల్ల ఫర్జ్, సున్నత్‌ల వరకు పెద్దల దగ్గర నేర్చుకున్నా, నఫిల్ నమాజుల వివరాలు చాలామందికి అందలేదు. అందుకే వీలైనంత తేలిక మాటల్లో ఈ వ్యాసం.

పేర్లు ఎన్ని? నమాజు ఒకటేనా?

'ఇష్రాఖ్' అంటే సూర్యుడు వెలుగు చిమ్మడం. ఈ మాట ఖురాన్‌లోనే ఉంది. సాద్ సూరా 18వ ఆయత్‌లో, ప్రవక్త దావూద్ (అలై)తో కలిసి కొండలు సాయంత్రం వేళా, ఇష్రాఖ్ వేళా అల్లాహ్‌ను కొనియాడేవన్న ప్రస్తావన వస్తుంది. 'జుహా' అంటే పొద్దెక్కిన వేళ. ఖురాన్‌లో 93వ సూరాకు ఇదే పేరు. మన పెద్దలు వాడే 'చాష్త్' ఫారసీ మాట. దానికీ పొద్దెక్కిన వేళ అనే అర్థం.

హదీసు గ్రంథాల్లో ఎక్కువగా కనిపించే పేరు 'సలాతుల్ జుహా'. చాలామంది పండితుల దృష్టిలో ఇష్రాఖ్, జుహా వేర్వేరు నమాజులు కావు. ఒకే నమాజును దాని వేళ మొదలైన వెంటనే చేస్తే ఇష్రాఖ్ అంటారు, పొద్దు బాగా ఎక్కాక చేస్తే చాష్త్ అంటారు. మన దేశంలో మాత్రం రెండింటినీ విడివిడిగా లెక్కించి, తెల్లవారిన కాసేపటికి ఇష్రాఖ్, ఎండ ముదిరాక చాష్త్ చదివే అలవాటు పెద్దల నుంచి వస్తోంది. ఒకసారి చదివినా, రెండుసార్లు చదివినా తప్పులేదు. పేర్ల గురించి వాదులాట పెట్టుకోవలసిన పనిలేదు.

వేళ ఎప్పుడు మొదలవుతుంది?

అందరికంటే ముందు తెలుసుకోవలసింది ఇదే. ఎందుకంటే నఫిల్ నమాజు పుణ్యం కోసం చేస్తాం. వేళ తప్పి చేస్తే పుణ్యం మాట అటుంచి, వారించిన పని చేసినట్లవుతుంది.

హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం దైవప్రవక్త (స) మూడు వేళల్లో నమాజు చేయడాన్ని, మృతులను ఖననం చేయడాన్ని వారించారు: సూర్యుడు ఉదయిస్తూ పైకి వచ్చేదాకా, నడినెత్తిన ఉన్నప్పుడు, అస్తమించేటప్పుడు (ముస్లిం). సూర్యుణ్ణి పూజించే వారు మోకరిల్లే వేళలో ముస్లిం మోకరిల్లకూడదన్న ఉద్దేశం ఇతర హదీసుల్లో స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల సూర్యబింబం కనిపించగానే లేచి నిలబడకూడదు. అది ఒక బల్లెమంత ఎత్తుకు వచ్చేదాకా ఆగాలి.

బల్లెమంత ఎత్తు అంటే గడియారంలో ఎంత? పండితులు సుమారు 15 నిమిషాలని చెప్పారు. మన ప్రాంతపు మసీదుల్లో జాగ్రత్త కోసం 20 నిమిషాలు ఆగడం అలవాటు. ఈ లెక్క మన కంటికి కూడా సరిపోతుంది. మన ప్రాంతంలో సూర్యుడు ఒక డిగ్రీ పైకి రావడానికి దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. 20 నిమిషాల్లో అయిదు డిగ్రీల దాకా ఎక్కుతాడు. అప్పటికి ఉదయపు ఎరుపు పోయి, సూర్యుణ్ణి నేరుగా చూడలేనంత వెలుగు వస్తుంది.

ఇక సూర్యోదయం ఎప్పుడు? ప్రొద్దుటూరు లెక్కన చూస్తే, మే నెలాఖరు, జూన్ మొదట్లో సుమారు 5 గంటల 45 నిమిషాలకు పొద్దు పొడుస్తుంది. జనవరి నెలాఖరులో సుమారు 6 గంటల 45 నిమిషాలకు. అంటే ఏడాదిలో గంట తేడా ఉంది. మార్చి 21 ప్రాంతంలో 6 గంటల 20 నిమిషాలు, సెప్టెంబరు 23 ప్రాంతంలో 6 గంటల 5 నిమిషాలు. దీనికి 20 నిమిషాలు కలుపుకుంటే ఇష్రాఖ్ వేళ జూన్ మొదట్లో 6 గంటల 5 నిమిషాలకు, జనవరి చివర్లో 7 గంటల 5 నిమిషాలకు మొదలవుతుంది. బ్రహ్మంగారిమఠం కొంచెం తూర్పున ఉంది కనుక అక్కడ ఒక నిమిషం ముందు, పులివెందుల పడమరన ఉంది కనుక అక్కడ ఒకటి రెండు నిమిషాలు వెనక. వేరే ఊరి క్యాలెండరు చూసి నమాజు చేసేవారు ఈ తేడాను గమనించాలి. చెన్నై క్యాలెండరు గోడకు తగిలించుకున్నవారికి ఆరేడు నిమిషాలు తేడా వస్తుంది.

నల్లమల, లంకమల కొండల దాపున ఉన్న పల్లెల్లో సూర్యుడు కొండ మీదికి వచ్చేసరికి అసలు ఉదయం దాటి చాలాసేపవుతుంది. అటువంటి చోట కొండ చాటు నుంచి బింబం కనబడటాన్ని సూర్యోదయంగా తీసుకుని మళ్లీ 20 నిమిషాలు లెక్కపెట్టనక్కరలేదు. ఆ ఊరికి సరిపోయే పట్టికలోని సమయాన్నే పాటించవచ్చు.

వేళ ఎప్పుడు ముగుస్తుంది?

సూర్యుడు నడినెత్తికి చేరే ముందు ముగుస్తుంది. చాలామంది గడియారంలో 12 గంటలే జవాల్ అనుకుంటారు. భారత ప్రామాణిక కాలం మనకు తూర్పున ఉన్న 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది కాబట్టి మన దగ్గర సూర్యుడు కాస్త ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. ప్రొద్దుటూరులో నవంబరు మొదట్లో సుమారు 12 గంటలకే నడిమధ్యాహ్నం అవుతుంది. ఫిబ్రవరి నడుమ సుమారు 12 గంటల 30 నిమిషాలకు అవుతుంది. అయితే మన క్యాలెండర్లలో 'జహ్వయె కుబ్రా' అని మరో సమయం ఉంటుంది. ఇది నడిమధ్యాహ్నానికి సుమారు 40 నిమిషాల ముందు వస్తుంది. హనఫీ పెద్దలు జాగ్రత్త కోసం అక్కడే నఫిల్ ఆపేస్తారు. కనుక 11 గంటలలోపు ముగించుకుంటే ఏ కాలంలోనూ సందేహం ఉండదు.

అన్నిటికంటే శ్రేష్ఠమైన సమయం ఏది? హజ్రత్ జైద్ బిన్ అర్ఖమ్ (రజి) కొందరు తొందరగా జుహా చదవడం చూసి, ఇంకా ఆగి చదవడం మేలని వారికి తెలుసు కదా అన్నారు. అవ్వాబీన్‌ల, అంటే అల్లాహ్ వైపు మాటిమాటికీ మరలేవారి నమాజు, ఒంటె పిల్లల కాళ్లకు ఇసుక వేడి తగిలే వేళలో ఉంటుందని ప్రవక్త (స) చెప్పిన మాటను గుర్తుచేశారు (ముస్లిం). మనకు ఒంటెలు లేవు గాని, మే నెలలో తొమ్మిది గంటలకే నాపరాతి అరుగు మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేమని అందరికీ తెలుసు. పగటిలో నాలుగో వంతు గడిచిన ఆ 9, 10 గంటల వేళ చాష్త్‌కు ఉత్తమం. అప్పుడు పనుల్లో ఉండేవారికి తొలివేళే అనుకూలం.

హదీసుల వెలుగులో

హజ్రత్ అబూహురైరా (రజి) తమ ప్రాణమిత్రుడైన దైవప్రవక్త (స) తమకు మూడు విషయాలు ఉపదేశించారని చెప్పేవారు: ప్రతి నెలా మూడు రోజాలు, జుహా రెండు రకాతులు, నిద్రకు ముందే విత్ర్ (బుఖారీ, ముస్లిం). ఇటువంటి ఉపదేశమే హజ్రత్ అబూదర్దా (రజి)కి కూడా లభించింది (ముస్లిం). ఇద్దరూ కలిగినవారేమీ కాదు. అబూహురైరా (రజి) మస్జిదె నబవీ అరుగు మీద తలదాచుకున్న సుఫ్ఫా నిరుపేదల్లో ఒకరు. ప్రవక్త (స) ఆయనకు ఇచ్చిన మూడు పనుల్లో ఒక్కదానికి కూడా పైసా ఖర్చు లేదు.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం మనవాళ్లకు బాగా తెలిసినది. ఫజ్ర్ జమాఅత్‌తో చేసి, సూర్యోదయం దాకా కూర్చుని అల్లాహ్‌ను స్మరించి, తర్వాత రెండు రకాతులు చదివినవారికి ఒక హజ్జ్, ఒక ఉమ్రా చేసినంత పుణ్యమని, అదీ సంపూర్ణమైనదని ప్రవక్త (స) చెప్పారు (తిర్మిజీ). ఇమామ్ తిర్మిజీ దీనిని 'హసన్ గరీబ్' అని పేర్కొన్నారు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇది పుణ్యంలో పోలిక మాత్రమే. స్తోమత ఉన్నవారి మీద హజ్జ్ ఫర్జ్. ఇష్రాఖ్ చదివినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. హజ్జ్‌కు పోలేని బీదవారి మనసుకు ఇది ఊరట, పోగలిగినవారికి సాకు కాదు.

దైవప్రవక్త (స) అలవాటు కూడా ఇలాగే ఉండేది. ఫజ్ర్ చేసి, సూర్యుడు బాగా పైకి వచ్చేదాకా తాము నమాజు చేసిన చోటనే కూర్చునేవారని హజ్రత్ జాబిర్ బిన్ సమురా (రజి) తెలిపారు (ముస్లిం).

ఒంట్లోని ప్రతి కీలుకూ సదఖా

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశం ఇది: తెల్లవారగానే మీలో ప్రతి ఒక్కరి ఒంట్లోని ప్రతి కీలుకూ ఒక సదఖా బాకీ ఉంటుంది. సుబ్‌హానల్లాహ్ అనడం సదఖా, అల్‌హమ్దులిల్లాహ్ అనడం సదఖా, లా ఇలాహ ఇల్లల్లాహ్ అనడం సదఖా, అల్లాహు అక్బర్ అనడం సదఖా. మంచిని చెప్పడం సదఖా, చెడును వారించడం సదఖా. జుహా వేళ చేసే రెండు రకాతులు వీటన్నిటికీ సరిపోతాయి (ముస్లిం).

కీళ్ల సంఖ్య 360 అని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంలో ఉంది (ముస్లిం). హజ్రత్ బురైదా (రజి) ఉల్లేఖనంలో మరికొంత వివరం ఉంది. 360 కీళ్లకూ సదఖా ఇవ్వాలని విన్న సహచరులు, అంత ఎవరివల్ల అవుతుందని అడిగారు. మసీదులో పడిన ఉమ్మిని కప్పివేయడం, దారిలో అడ్డున్న వస్తువును తీసివేయడం కూడా సదఖాయేనని, అవి దొరకకపోతే జుహా రెండు రకాతులు చాలునని ప్రవక్త (స) సెలవిచ్చారు (అబూదావూద్).

ఈ హదీసును మన ప్రాంతపు జీవితంలో పెట్టి చూద్దాం. జమ్మలమడుగు వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీలో నాపరాళ్లు మోసే మనిషికి వెన్నెముకలోని ఒక్క పూస జరిగితే ఆ రోజు నుంచి కూలి ఆగిపోతుంది. ప్రొద్దుటూరులో మగ్గం గుంటలో కూర్చునే నేతగానికి మోకాలు పట్టేస్తే పలక తొక్కలేడు. పులివెందుల చీనీ తోటలో కాయలు కోసే మనిషికి భుజం ఎత్తలేని స్థితి వస్తే బుట్ట నిండదు. బంగారు అంగట్లో కూర్చుని రాళ్లు పొదిగే పనివాడికి వేలికణుపు బిగుసుకుపోతే పట్టుకారు జారిపోతుంది. కీలు పనిచేస్తున్నంత కాలం మనం దాన్ని గుర్తుచేసుకోం. ఆగిపోయిన రోజున ఒక్కొక్కదాని వెల ఎంతో తెలుస్తుంది. హదీసు చెప్పేది ఇదే: పనిచేస్తున్న రోజునే దాని కృతజ్ఞత చెల్లించండి.

నమాజు ఎందుకు సరిపోతుందో పండితులు ఇలా వివరించారు. నమాజులో శరీరమంతా పాలుపంచుకుంటుంది. నిలబడటంలో మోకాళ్లు, రుకూలో నడుము, సజ్దాలో నుదురు, అరచేతులు, కాలివేళ్లు, సలాములో మెడ. ఏ కీళ్ల తరఫున బాకీ ఉందో ఆ కీళ్లే వచ్చి తమను సృష్టించినవాని ముందు వంగుతాయి. మోకాళ్ల నొప్పితో కుర్చీ మీద కూర్చుని నమాజు చేసే పెద్దవారు బాధపడనవసరం లేదు. వంగగలిగినంత వంగితే చాలు, అల్లాహ్ శక్తికి మించిన భారం ఎవరి మీదా మోపడు.

బీదవారి ఫిర్యాదు

అబూజర్ (రజి) నుంచే వచ్చిన మరో హదీసును దీనికి జతచేసి చదవాలి. కొందరు బీద సహచరులు ప్రవక్త (స) దగ్గరికి వచ్చి మొరపెట్టుకున్నారు. కలవారే పుణ్యమంతా పట్టుకుపోతున్నారు, మాలాగే నమాజు చేస్తున్నారు, మాలాగే రోజా ఉంటున్నారు, పైగా మిగులు సొమ్ముతో దానం చేస్తున్నారు అని. దానికి ఆయన (స), అల్లాహ్ మీకు కూడా దానం చేసే మార్గం ఏర్పరచాడని చెప్పి, పై హదీసులోని తస్బీహ్, తహ్‌మీద్‌లనే సదఖాగా లెక్కించి చూపారు (ముస్లిం).

ఆ మొరలో అసూయ లేదు. ఇవ్వలేకపోతున్నామన్న బాధ ఉంది. మన సేవాసంఘాల సభల్లో ఏం జరుగుతోందో ఒక్కసారి ఆలోచించండి. వేదిక మీద దాతలు కూర్చుంటారు. బియ్యం సంచి, కుట్టుమిషను, పిల్లల ఫీజు చెక్కు అందుకునేవారు కింద వరుసలో నిలబడతారు. ఇచ్చే చేయి ఎప్పుడూ ఇచ్చేదే, పుచ్చుకునే చేయి ఎప్పుడూ పుచ్చుకునేదే అన్న భావం మనకు తెలియకుండానే మనసులో నాటుకుంటుంది. ఈ హదీసు ఆ భావాన్ని మారుస్తుంది. పొద్దున్నే లేచి రెండు రకాతులు చదివిన వితంతువు ఆ రోజు తన 360 కీళ్ల తరఫున సదఖా చెల్లించి వచ్చింది. ఆమె చేతికి సంచి అందించే దాత ఆ పూట ఏమీ చెల్లించకుండా వచ్చి ఉండవచ్చు. అల్లాహ్ దగ్గర దాతల పట్టిక మన రసీదు పుస్తకాన్ని బట్టి రాసేది కాదు. ఈ మాట గుర్తుంటే సాయం అందించే తీరులోనే మర్యాద వస్తుంది. ఫోటో కోసం ఆమెను ముందుకు పిలిచి నిలబెట్టాలని అనిపించదు.

ఈ సదఖా దేనికి బదులు, దేనికి కాదు?

'రెండు రకాతులు సరిపోతాయి' అన్న మాటను ఎంతవరకు తీసుకోవాలి? హదీసులోనే జవాబు ఉంది. బాకీ ఉన్నది కీళ్లకు, అంటే ఆరోగ్యమనే వరానికి కృతజ్ఞతగా ఇవ్వవలసినది. అది దాసునికీ అల్లాహ్‌కూ మధ్య ఉన్న లెక్క. దానికి నమాజు సరిపోతుంది.

జకాత్ లెక్క వేరు. నిసాబ్‌కు మించిన సొమ్ము ఏడాది నిలిస్తే అందులో రెండున్నర శాతం బీదల హక్కు. అది మన దగ్గర ఉన్న వారి సొమ్ము. వెయ్యి రకాతులు చదివినా అందులో ఒక్క రూపాయి తీరదు. అలాగే కూలివానికి ఇవ్వవలసిన కూలి, అక్కచెల్లెళ్లకు ఇవ్వవలసిన వారసత్వపు వాటా, భార్యకు ఇవ్వవలసిన మహర్, తీసుకున్న అప్పు ఇవేవీ నఫిల్‌తో మాఫీ కావు. పొద్దున ఇష్రాఖ్ చదివి, సాయంత్రం కూలీని తిప్పి పంపే యజమాని ఒక చేత్తో కట్టి మరో చేత్తో కూల్చుకుంటున్నాడు.

రెండో వైపు కూడా చూడాలి. సంఘానికి ఎంత ఇచ్చినా అది డబ్బు తరఫున ఇచ్చిందే. ఆ డబ్బును సంపాదించిన చేతుల తరఫున, నడిచిన కాళ్ల తరఫున ఏమిచ్చాం? ఫర్జ్ నమాజులు ఎలాగూ తప్పవు. ఆ పైన రోజుకు అయిదు నిమిషాలు కేటాయించడం దాతలకు మరింత అవసరం. తీసుకునేవారిమే తప్ప ఇచ్చేవారిమి కాదని అల్లాహ్ ముందు ఒప్పుకున్నవారికి దానంలో గర్వం రాదు.

మక్కా విజయం నాటి ఎనిమిది రకాతులు

హిజ్రీ 8వ ఏట, క్రీ.శ. 630లో మక్కా నగరం ముస్లింల వశమైంది. ఆ రోజు అబూతాలిబ్ కుమార్తె ఉమ్మె హానీ (రజి) ప్రవక్త (స) దగ్గరికి వచ్చారు. ఆయన స్నానం చేస్తుండగా, కుమార్తె ఫాతిమా (రజి) గుడ్డ అడ్డుపెట్టి ఉన్నారు. స్నానం ముగించి, ఒకే వస్త్రం చుట్టుకుని ఆయన ఎనిమిది రకాతుల నమాజు చేశారు. అది జుహా వేళ అని ఉమ్మె హానీ (రజి) చెప్పారు. నమాజు ముగిశాక ఆమె తన మొర వినిపించారు. తాను ఒకరికి అభయమిచ్చాననీ, తన సోదరుడు అలీ (రజి) అతన్ని చంపుతానంటున్నాడనీ చెప్పారు. నువ్వు అభయమిచ్చినవారికి మేమూ అభయమిచ్చామని ప్రవక్త (స) అన్నారు (బుఖారీ, ముస్లిం).

కొందరు పండితులు దీనిని విజయానికి కృతజ్ఞతగా చేసిన నమాజు అన్నారు. చాలామంది దీనినే జుహాకు ఆధారంగా తీసుకుని ఎనిమిది రకాతులు శ్రేష్ఠమన్నారు. ఏదైనా సరే, ఇరవై ఏళ్లు తమను బాధించిన ఊరు చేతికి వచ్చిన రోజున ఆయన (స) చేసిన పని సజ్దా. సజ్దా నుంచి లేచిన వెంటనే చేసిన పని ఒక స్త్రీ మాటకు విలువిచ్చి ఒక ప్రాణాన్ని కాపాడటం. నమాజుకు ఫలితం జానమాజు మీదే ఆగిపోదని దీనివల్ల తెలుస్తుంది.

నఫిల్‌ను నఫిల్‌గానే ఉంచాలి

ప్రవక్త (స) జుహా చదువుతుండగా తాను చూడలేదని, అయినా తాను చదువుతానని హజ్రత్ ఆయిషా (రజి) ఒక ఉల్లేఖనంలో చెప్పారు. తమకు ఇష్టమైన పనిని కూడా, ప్రజలు పాటించగా అది ఫర్జ్ అయిపోతుందేమోనన్న భయంతో ఆయన (స) వదిలేసేవారని కూడా ఆమే చెప్పారు (బుఖారీ, ముస్లిం). ఆయన నాలుగు రకాతులు, అల్లాహ్ తలచినంత ఎక్కువ చదివేవారని మరో ఉల్లేఖనం కూడా ఆమెదే (ముస్లిం). ఆయన ప్రతిరోజూ క్రమం తప్పకుండా చదవలేదనీ, అప్పుడప్పుడు చదివారనీ, ఇతరులకు మాత్రం ఉపదేశించారనీ పండితులు ఈ రెండింటినీ సమన్వయించారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) మసీదులో జనం బాహాటంగా జుహా చదవడం చూసి అభ్యంతరం చెప్పారు. అది నమాజు మీద అభ్యంతరం కాదనీ, దాన్ని అందరూ కూడి చేసే తప్పనిసరి తంతుగా మార్చడం మీద అభ్యంతరమనీ వ్యాఖ్యాతలు చెప్పారు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. చదవనివారిని చిన్నచూపు చూడకూడదు. చదివేవారు ప్రదర్శించుకోకూడదు. ఇష్రాఖ్ చదవని ఇరుగుపొరుగును మందలించే హక్కు ఎవరికీ లేదు.

చదివే విధానం

తక్కువలో తక్కువ రెండు రకాతులు. నాలుగు చదివితే మంచిది. ఎనిమిది ప్రవక్త (స) ఆచరణలో ఉంది. పన్నెండు వరకు హనఫీ గ్రంథాల్లో ప్రస్తావన ఉంది, కానీ పన్నెండుకు ప్రత్యేక పుణ్యం చెప్పే ఉల్లేఖనాన్ని హదీసువేత్తలు బలహీనమైనదిగా పరిగణించారు. హనఫీల దృష్టిలో ఈ నమాజు ముస్తహబ్. షాఫయీల దృష్టిలో గట్టి సున్నత్.

నియ్యత్ మనసులో ఉంటే చాలు. దీనికంటూ ప్రత్యేకమైన సూరా ఏదీ తప్పనిసరి కాదు. ఫాతిహా తర్వాత మీకు వచ్చిన సూరా చదవండి. అజాన్, ఇఖామత్ లేవు. మిగతా అంతా మామూలు నఫిల్ నమాజులాగే.

సందేహాలు - సమాధానాలు

*ఫజ్ర్ తర్వాత మసీదులోనే కూర్చోవాలా? ఇంటికి వచ్చి చదవకూడదా?*
చదవవచ్చు. జుహా రెండు రకాతుల పుణ్యం ఎక్కడ చదివినా ఉంటుంది. హజ్జ్, ఉమ్రా పోలిక వచ్చిన హదీసులో మాత్రం జమాఅత్, కూర్చుని స్మరించడం కూడా ఉన్నాయి. జమాఅత్ సూర్యోదయానికి అరగంట ముందు ముగిస్తే, మొత్తం 50 నిమిషాలు కూర్చోవలసి ఉంటుంది. రోజూ వీలుకాకపోతే ఆదివారం ఒక్కరోజైనా ప్రయత్నించండి. ఆ సమయంలో ఊసుపోక కబుర్లు, ఫోను చూడటం వద్దు.

*స్త్రీలు ఎలా చదవాలి?*
ఇంట్లో, తమ నమాజు చోటులోనే. ఫజ్ర్ చేసి పొయ్యి దగ్గరికి పోయినా నాలుక మీద తస్బీహ్ ఉంచుకోవచ్చు. పిల్లల్ని బడికి పంపాక 9, 10 గంటలకు చదివితే అది చాష్త్ ఉత్తమ సమయం కూడా. ఈ నమాజు హదీసుల్లో కొన్నింటిని మనకు అందించినవారు ఆయిషా, ఉమ్మె హానీ (రజి) వంటి స్త్రీలేనని గుర్తుంచుకోండి.

*ఫజ్ర్ తప్పిపోయింది. ముందు ఇష్రాఖా, ఖజానా?*
ముందు ఫజ్ర్ ఖజా. అది ఫర్జ్. ఆ తర్వాతే నఫిల్.

*నేను అంగట్లో, ఫ్యాక్టరీలో పనిచేస్తాను. డ్యూటీ మధ్యలో చాష్త్ చదవవచ్చా?*
యజమాని అనుమతి ఉంటే చదవండి. లేకుంటే పనివేళలో నఫిల్ చదవకూడదని ఫిఖ్హ్ పండితులు చెప్పారు. ఆ సమయానికి మీరు జీతం తీసుకుంటున్నారు. పనికి వెళ్లే ముందో, టీ విరామంలోనో చదువుకోండి. ఫర్జ్ నమాజు విషయం వేరు, దానికి వీలు కల్పించమని అడగాలి.

*ఒకరోజు చదివి మరోరోజు వదిలేస్తే పాపమా?*
కాదు. అయితే కొంచెమైనా నిలకడగా చేసే పని అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని హదీసులో ఉంది (బుఖారీ, ముస్లిం). పన్నెండు రకాతులతో మొదలుపెట్టి వారంలో మానేయడం కంటే రెండింటిని నిలుపుకోవడం మేలు.

చివరి మాట

ఈ నమాజు వేళ పేరుతోనే జుహా సూరా ఉంది. 11 ఆయత్‌ల చిన్న సూరా, మనలో చాలామందికి కంఠస్థమే. వహీ కొన్నాళ్లు ఆగినప్పుడు, దేవుడు అతన్ని విడిచిపెట్టాడని విరోధులు ఎత్తిపొడిచిన రోజుల్లో అవతరించింది. పొద్దెక్కిన వేళ మీద ప్రమాణంతో మొదలై, నీ ప్రభువు నిన్ను విడువలేదని ఓదారుస్తుంది. నీవు అనాథవై ఉండగా ఆశ్రయమివ్వలేదా, లేమిలో ఉండగా కలిగినవాణ్ణి చేయలేదా అని గుర్తుచేస్తుంది. ఆ వెంటనే అనాథను అణచివద్దని, అడిగేవాణ్ణి కసరవద్దని ఆదేశిస్తుంది. ఉదయపు వెలుగుతో మొదలైన సూరా అనాథ దగ్గరికి, అడిగేవాని దగ్గరికి మనల్ని తీసుకువస్తుంది.

కాబట్టి సోదరులారా, రేపు పొద్దున ఫజ్ర్ తర్వాత గడియారం చూసుకుని, 20 నిమిషాలు ఆగి, రెండు రకాతులు చదవండి. మొదటి రకాతులో జుహా సూరా వస్తే చదవండి. తర్వాత ఇంటినుంచి బయలుదేరేటప్పుడు, ఆ రోజు మనకు ఎదురయ్యే మొదటి అనాథను, మొదటి యాచకుణ్ణి, కూలి కోసం నిలబడిన మొదటి మనిషిని ఆ సూరాతో పాటు గుర్తుచేసుకోండి.

అల్లాహ్ మన కీళ్లలో సత్తువను, మన దానాల్లో నిజాయితీని, మన నమాజుల్లో ఏకాగ్రతను ప్రసాదించుగాక! ఈ సంఘానికి ఇచ్చినవారి నుంచీ, పుచ్చుకున్నవారి నుంచీ వారి వారి సదఖాలను స్వీకరించుగాక! ఆమీన్.